చింతపండు మీద విచారణ

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను సొంతంగా కనిపెట్టింది ఒకే ఒక్కటి. ఒక సిమెంటు దిమ్మలో చింతపండు పీచు. దానికి నాకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. రిటైరైన రోజున దండ వేసి మాట్లాడినవాళ్ళంతా నా సూక్ష్మదృష్టికి ఆ పీచునే ఉదాహరణగా చెప్పారు. నేను తల వంచుకుని విన్నాను. వినయం అనుకున్నారు.

మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు. పెద్దవాళ్ళు చెప్పే అనుభవాల్లో పెద్దవాళ్ళెప్పుడూ గెలుస్తూ ఉంటారు కాబట్టి, మార్పుకోసం ఇది చదవండి. పేర్లు మాత్రం రాయను. పై అధికారుల పేర్లు రాస్తే వాళ్ళ పిల్లలు నొచ్చుకుంటారు. కింది వాళ్ళ పేర్లు రాసినా మీకెవరికీ తెలియవు.

బస్తర్‌లో కొండ కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు సుత్తితో కొట్టి చూస్తున్న రోజులవి. కిరందుల్ నుంచి ఇనుపరాయి రైళ్ళకు రైళ్ళు విశాఖపట్నం రేవుకు పోతూ ఉండేది. ఆ లైను పక్కనే, రేకుల కప్పుతో మాదొక చిన్న లాబు. మా పని ఇనుముతో కాదు. ఆ అడవుల్లో తగరపు రాయితో పాటు నల్లటి బరువైన రాయి ఒకటి దొరుకుతుంది. అందులో నియోబియం, టాంటలం అనే ఖరీదైన లోహాలుంటాయి. వాటిని అంటిపెట్టుకుని కాస్త యురేనియం, కాస్త థోరియం. రాయిని ఆసిడ్లలో కరిగించి ఏది ఎంతుందో చెప్పడం మా ఉద్యోగం. చెప్పాక మిగిలిన నీళ్ళను ఏం చెయ్యాలన్నది ఇంకో ఉద్యోగం. అందులో పేరు రాదు కనుక, అందరికన్నా జూనియర్నైన నాకు అప్పగించారు.

ఆ నీళ్ళలో యురేనియం కొంచెమే. అయినా తీసుకెళ్ళి వాగులో పొయ్యకూడదు. క్యాన్లలో పోగుచేసి, సున్నం వేసి ఆసిడ్ విరిచి, సిమెంటు కలిపి, ఇనుప డ్రమ్ముల్లో పోసి, గట్టిపడ్డాక లాబు వెనకున్న కాంక్రీటు గోతిలో పాతిపెట్టాలి. ఈ విషయంలో సిమెంటు చాలా నమ్మకస్తురాలు. గట్టిపడుతూ యురేనియాన్నీ థోరియాన్నీ తనకే అంటించుకుంటుంది. తర్వాత నీళ్ళు తగిలినా ఓ పట్టాన వదలదు. వదలడం లేదని చూసుకోవడానికి ప్రతి డ్రమ్ము నుంచీ అగ్గిపెట్టె అంత దిమ్మ పోతపోసి, మంచినీళ్ళ సీసాలో నానబెట్టేవాణ్ణి. కొన్నాళ్ళయ్యాక ఆ నీళ్ళలో ఒక చుక్క తీసి, ఉప్పులాంటి పొడితో కలిపి కరిగించి, చిన్న బిళ్ళ చేసి, నల్లదీపం, అంటే అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. యురేనియం బయటికొచ్చి ఉంటే బిళ్ళ పసుపుపచ్చగా వెలుగుతుంది. రెండేళ్ళపాటు నా బిళ్ళ ఒక్కటీ వెలగలేదు. రిజిస్టరులో 'నిల్' అని రాసీ రాసీ ఆ ఒక్క మాటా అందంగా రాయడం వచ్చింది నాకు.

మా పెద్దసారు మనవాడే, కృష్ణా ఒడ్డువాడు. హైదరాబాదు బదిలీ మీద ఆయనకున్నంత ఏకాగ్రత మునులకు కూడా ఉండి ఉండదు. వచ్చిన రోజున సూట్‌కేసు సగమే విప్పాడనీ, మిగతా సగం హైదరాబాదులో విప్పుదామని అలాగే ఉంచాడనీ చెప్పుకునేవాళ్ళం. సిమెంటు కలిపే మేస్త్రిది మరైగూడ వైపు. ఇంట్లో దొర్లి, సంతలో హల్బీ, ఆఫీసులో హిందీ, మాతో తెలుగు మాట్లాడేవాడు. నాలుగు భాషల్లోనూ చెప్పేది ఒకటే మాట, "ఇది నడవది" అని. పెద్దసారు ప్రవేశపెట్టేవి చాలావరకు నడిచేవి కావు కూడా.

ఇక గిన్నెలమ్మ. గాజుసామాను, స్టీలు ట్రేలు, నికెలు మూకుళ్ళు కడుగుతుంది కనుక లాబులో అందరూ ఆమెను అలా పిలిచేవారు. విజయనగరం దగ్గర పల్లె ఆవిడది. భర్త రైల్వే గ్యాంగ్‌మన్‌గా ఈ లైను మీదికి వచ్చి, ఇక్కడే జ్వరంతో పోయాడు. మా దగ్గర ఆవిడది దిహాడీ పని, అంటే పిలిచిన రోజుకే కూలీ. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యమని నోటీసులు వస్తున్నాయి. మా లాబులో పక్కా అయితే, అంటే ఉద్యోగం ఖాయమైతే, లేబర్ లైన్లో ఒక గది ఇస్తారు. కూతురు అక్కడి స్కూల్లో తొమ్మిది చదువుతోంది. ఆ గది దొరికితే పిల్ల చదువు సాగుతుంది, దొరక్కపోతే ఇద్దరూ పల్లెకు పోవాలి, అక్కడ హైస్కూలు లేదు. ఆవిడ కోరిక మొత్తం ఆ ఒక్క గదిలో సరిపోయేది. పక్కా అయ్యేవాళ్ళ జాబితాలో ఆవిడది మొదటి పేరు. ఆ కాగితం పెద్దసారు సొరుగులో ఉండేది.

గిన్నెలు కడగడానికి సబ్బుపొడి సర్కారు ఇవ్వాలి. అది అయిపోయింది. దానికోసం పెట్టిన ఇండెంటు జగదల్‌పూర్ వెళ్ళి, అక్కడినుంచి ఇంకెక్కడికో వెళ్ళి, 'ఏ రకమైన మురికికి?' అనే ప్రశ్నతో కొన్ని నెలలకు తిరిగొచ్చింది. మేము జవాబు రాశాం. జవాబు మీద ఇంకో ప్రశ్న వచ్చింది. ఈలోగా మూకుళ్ళకు గోధుమరంగు మరకలు పట్టి ఎంత తోమినా వదలడం మానేశాయి.

ఒక ఉదయం వెళ్ళేసరికి ట్రేలు అద్దాల్లా ఉన్నాయి. మూకుళ్ళు ఆరోజే కొన్నట్టున్నాయి.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"ఏటి సేత్తాను బాబూ? సంతలో సింతపండు తెచ్చి నానబెట్టి తోమీసినాను. ఇత్తడి బిందెకి పట్టిన సిలుమే ఒదిలిపోతాది, ఈ మూకుడెంత?" అంది.

బస్తర్‌లో చింతపండుకు కరువేముంది? అడవంతా చింతచెట్లే. సంతకు గంపలకు గంపలు వస్తుంది. పెద్దసారు ఆ మెరుపు చూసి ముచ్చటపడ్డాడు. ముచ్చటపడి ఊరుకోలేదు. 'స్థానికంగా లభించే సేంద్రియ ద్రవ్యంతో పాత్రల శుద్ధి: ఒక స్వదేశీ విధానం' అని ఇంగ్లీషులో మూడు పేజీలు రాసి కేంద్ర కార్యాలయానికి పంపాడు. అందులో చింతపండు అనే మాట ఒక్కసారి వచ్చింది, అదీ లాటిన్ పేరుతో. గిన్నెలమ్మ అసలు రాలేదు. అక్కడినుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. పెద్దసారు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, ఆవిణ్ణి పిలిచి, అద్దం తుడవమన్నాడు.

ఏడాదికి పైగా అలాగే గడిచింది. కడిగిన నీళ్ళు కూడా నా క్యాన్లలోకే వచ్చేవి. డ్రమ్ములు గట్టిపడేవి, బిళ్ళలు వెలిగేవి కావు, నేను 'నిల్' రాసేవాణ్ణి.

తర్వాత పెద్దసారు రెండు వారాల ట్రైనింగుకు వెళ్ళి కొత్త పద్ధతితో తిరిగొచ్చాడు. మా నల్లరాయిలోని లోహాలతో ఒక చిక్కుంది. కరిగించినంతసేపూ కరిగి, తర్వాత నీళ్ళలో నిలవకుండా అడుగున పేరుకుపోతాయి. కొత్త పద్ధతిలో టార్టారిక్ ఆసిడ్ అనే తెల్లటి పలుకుల్ని ధారాళంగా వేస్తాం. అది ఒక సేంద్రియ ఆమ్లం. దాని అణువు లోహాన్ని చుట్టుకుని, నీళ్ళలోంచి దిగిపోకుండా పట్టి ఉంచుతుంది. పద్ధతి బాగా పనిచేసింది, ఆ మాట కాదనను. పెద్దసారు దాని మీద కూడా కాగితం రాశాడు. ఈసారి హైదరాబాదు ఖాయం అని అందరికీ చెప్పుకున్నాడు. టిన్నులకు టిన్నులు టార్టారిక్ వచ్చింది. సబ్బుపొడికి అడ్డంపడ్డ ప్రశ్నలేవీ దానికి అడ్డం రాలేదు. పరీక్ష కాగానే మిగిలిన నీళ్ళను నేను క్యాన్లో పోసి, ఎన్ని లీటర్లు పోశానో రాసి సంతకం పెట్టేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఆ డ్రమ్ము. పోసిన నాలుగో రోజున మేస్త్రి నన్ను షెడ్డు దగ్గరికి పిలిచి, డ్రమ్ములో వేలు పెట్టి చూపించాడు. వేలు లోపలికి పోయింది.

"ఏంది సారూ గిది? నాలుగు దినాలైతంది, ఇంక మెత్తగనే ఉన్నది. సిమెంటా, పెసరట్టు పిండా?"

"సిమెంటు పాతబడిందేమో."

"బస్త కొత్తదే సారూ. గా బస్తతోనే మా గోడ కట్టిన. గోడ మంచిగున్నది." సర్కారు సిమెంటుతో వాళ్ళ గోడ ఎలా కట్టాడని నేను అడగలేదు. ఆ సమయంలో అది శాస్త్రీయమైన సాక్ష్యం.

వారం పైన పట్టింది గట్టిపడటానికి. దిమ్మను నానబెట్టాను. బిళ్ళ చేసి దీపం కింద పెట్టాను. పసుపుపచ్చగా వెలిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వెలిగింది. పాతిపెట్టడానికి వరసలో ఉన్న డ్రమ్ములన్నీ ఆపించాను. నా సర్వీసులో నేను వెంటనే చేసిన మంచిపని అదొక్కటే కనుక ఇక్కడ రాసుకుంటున్నాను. అవి షెడ్డులోనే ఉండిపోయాయి, చుక్క కూడా వాగు దాకా పోలేదు.

ఆ దిమ్మను సుత్తితో పగలగొట్టి భూతద్దంతో చూశాను. మధ్యలో సన్నగా, వంకరగా, గోధుమరంగులో ఒక పీచు. చింతపండు పీచు. కాయలోంచి తీసినప్పుడు గింజల వెంట వస్తుందే, అదే. నాకు ఒళ్ళు పులకరించింది. నేరస్థుడు దొరికాడన్న ఆనందం ఎంత చెడ్డదో ఆ రోజు తెలియలేదు. పీచును చిన్న గాజు పలక మీద పెట్టుకుని, పెద్దసారు గదికి దాదాపు పరుగెత్తాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు, ఎవరూ అడగలేదు. ఆవిడ పేరు లాబులో మొదట ఎత్తింది నేనే.

పెద్దసారు భూతద్దంలో చూసి, గోడకున్న ఉత్తరం వైపు ఒకసారి చూసి, దాన్ని దించి బీరువాలో పెట్టించాడు. స్వదేశీ విధానం సాయంత్రానికల్లా 'అనధికార చర్య' అయింది. కేంద్ర కార్యాలయానికి తంతి వెళ్ళింది. జాంచ్‌కి, అంటే విచారణకి, ఇద్దరు వస్తున్నారని జవాబొచ్చింది. నన్ను భుజం తట్టి, "నీలాంటి కళ్ళు కావాలయ్యా డిపార్టుమెంటుకి" అన్నాడు.

ఆ మాటతో ఇంటికెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం భోజనంలో చారు. మా ఆవిడ చింతపండు పిసుకుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. చింతపండు పులుపు ఏ ఆమ్లం వల్ల వస్తుంది? ఇంటర్మీడియట్ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. టార్టారిక్ ఆమ్లం. నేను బియస్సీ ఫస్టు క్లాసు. నాకు గుర్తు రావడానికి చారు కావలసి వచ్చింది.

అన్నం సగంలో లేచి లాబుకు వెళ్ళి రిజిస్టరు తీశాను. చింతపండు మొదలై ఏడాది దాటింది, అన్నాళ్ళూ 'నిల్'. మొదటి కొత్త టిన్ను తెరిచిన నెలలోనే డ్రమ్ము చెడింది. ఆవిడ ఒక రోజులో వాడేది నిమ్మకాయంత చింతపండు. నేను ఒక రోజులో క్యాన్లోకి పోసేది బకెట్ల లెక్కన ఆసిడ్. ప్రతి బకెట్టు పక్కనా నా సంతకం. ఆ ఆమ్లం మా నల్లరాయి లోహాలను ఎలా పట్టుకుంటుందో యురేనియాన్నీ అలాగే పట్టుకుంటుంది. తల్లి కొంగు పట్టుకున్న పిల్లను బెల్లంముక్క చూపించి పక్కింటావిడ ఎత్తుకుపోయినట్టు, సిమెంటును అంటుకుని ఉండాల్సినదాన్ని నీళ్ళలోకి లాక్కుపోతుంది. పైగా సిమెంటు గట్టిపడకుండా కూడా అడ్డంపడుతుంది. అంతా పుస్తకంలో ఉన్నదే.

ఉన్నదే అయినా చేసి చూడాలి కదా. నాలుగు దిమ్మలు పోశాను. ఒకటి ఉత్త సిమెంటు. రెండోది ఆవిడ వాడేంత చింతపండు నీళ్ళతో. మూడోది నేను పోసేంత టార్టారిక్‌తో. నాలుగోది రెండూ కలిపి. నాలుగింటిలోనూ కొలిచిన యురేనియం వేశాను. మొదటి రెండూ మర్నాటికే రాళ్ళయ్యాయి. తర్వాతి రెండూ రోజుల తరబడి నానిన బిస్కట్లలా ఉన్నాయి. నానబెట్టి బిళ్ళలు చేస్తే మొదటిది చీకటి, రెండోది కనిపించీ కనిపించనట్టు మినుకుమంది. మూడోదీ నాలుగోదీ పండగ దీపాల్లా వెలిగాయి.

వాటిని తీసుకెళ్ళి పెద్దసారు బల్ల మీద వరసగా పెట్టాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు, నేను చెప్పకముందే అర్థమైంది.

"కూర్చోవయ్యా," అన్నాడు. అంతకు ముందెప్పుడూ నన్ను కూర్చోమనలేదు. "చింతపండులో ఉన్నది టార్టారికేనా కాదా?"

"అదే సార్."

"అది సిమెంటుకు మంచిదా చెడ్డదా?"

"చెడ్డదే సార్. కానీ ఎంత ఉంది అనేది..."

"ఎంత అనేది పరిశోధన. మంచా చెడా అనేది విచారణ. వాళ్ళొచ్చేది విచారణకి. అడిగినదానికి నిజమే చెప్పు, అబద్ధం ఆడమని నేనెప్పుడూ అనను." ఒక దిమ్మను అటూ ఇటూ తిప్పి, "క్యాన్ల రిజిస్టరులో సంతకాలు ఎవరివి?" అన్నాడు.

"నావి సార్."

"వచ్చే నెల నీ ప్రమోషన్ ఇంటర్వ్యూ కదూ?" అని, దిమ్మల్ని నా వైపు జరిపాడు. అంత మృదువుగా బెదిరించగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. అవతలివాడు పిరికివాడని తెలిస్తే గొంతు పెంచక్కర్లేదు.

విచారణ రోజున జగదల్‌పూర్ మీదుగా జీపులో ఇద్దరు వచ్చారు. ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరికీ టీ, జీడిపప్పు. నాలుగు దిమ్మల్నీ రుమాల్లో మూటకట్టి ప్యాంటు జేబులో పెట్టుకెళ్ళాను. అవసరమైతే తీద్దామని. అవసరం ఎప్పుడు వస్తుందో నాకు ఎవరో చెబుతారన్నట్టు.

గిన్నెలమ్మను పిలిచారు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పక్కా చెయ్యడానికి ఇంటర్వ్యూ అనుకుందట, తర్వాత తెలిసింది. లావుపాటాయన హిందీలో అడిగాడు, "ఇమ్లీ వేశావా?" అని.

"వేసినాను సాబ్," అంది సంతోషంగా. "సబ్బుపొడి ఇవ్వకపోతే నానే సంతలో కొని తెచ్చి వేసినాను. మెరుపు సూడండి మీరే." మూకుడొకటి అందుకుని వాళ్ళకు చూపించింది. సన్నపాటాయన దాన్ని చూడకుండానే కాగితం మీద 'నేరం ఒప్పుకుంది' అని రాసుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, చింతపండులో సిమెంటును చెడగొట్టే ద్రవ్యం ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఉంది సార్."

"ఏమిటది?"

"టార్టారిక్ ఆమ్లం సార్."

పెద్దసారు ఫ్యాను వైపు చూస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరైనా, 'ఆ ఆమ్లం మీ లాబులో ఇంకెక్కడైనా ఉందా?' అని అడిగితే చెప్పేసేవాణ్ణని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ బల్లకు నాలుగు గజాల దూరంలో, అలమర మీద, పెద్ద అక్షరాల పేరుతో ఆరు టిన్నులు కనబడుతున్నాయి. ఎవరూ తలెత్తలేదు. చివర్లో లావుపాటాయన, "ఇంకేమైనా చెప్పేదుందా?" అన్నాడు. జేబులో మూడో దిమ్మ తడి ప్యాంటుకు అంటి చల్లగా తగులుతోంది.

"లేదు సార్," అన్నాను.

గిన్నెలమ్మ మాత్రం నన్నే చూస్తూ నిలబడింది. ఆవిడకు మా ఇంగ్లీషు తెలియదు. నేను ఆవిడ తరఫున ఏదో మంచి మాట చెబుతున్నాననే అనుకుని ఉంటుంది.

రిపోర్టు వారంలో వచ్చింది. ముద్దాయి చింతపండు. ఇకమీదట లాబు ఆవరణలోకి చింతపండు, చింతపండుతో చేసిన పదార్థాలు తేకూడదు. మా అందరి టిఫిన్ డబ్బాల్లో చారు, పులిహోర నిషేధం. గేటు దగ్గర వాచ్‌మన్ మూతలు తీసి వాసన చూసేవాడు. దిహాడీ మనిషిని తొలగించాలి, పక్కా జాబితా నుంచి పేరు కొట్టెయ్యాలి. సూక్ష్మదృష్టి చూపిన జూనియర్‌కు ప్రశంసాపత్రం. ఆ మొత్తం వ్యవహారంలో లాబు నుంచి బయటికి పోయింది ఆవిడొక్కతే.

తర్వాతి డ్రమ్ము పోశాం. చింతపండు వాసన కూడా లేని డ్రమ్ము. అయిదో రోజున మేస్త్రి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మెత్తగనే ఉన్నది సారూ. ఇప్పుడెవర్ని పీకుతరు?"

నేను రిజిస్టరులో 'పరిశీలనలో ఉంది' అని రాశాను. ఆ మాట కూడా మెల్లగా అందంగా రాయడం వచ్చింది.

తర్వాతి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మీరు ఎదురుచూడకుండా. నాకు ప్రమోషన్ వచ్చింది. రెండేళ్ళకు పెద్దసారు హైదరాబాదు వెళ్ళాడు. ఆయన రైలెక్కిన వారానికి నాకు ధైర్యం వచ్చి నోటు పెట్టాను. టార్టారిక్ కలిసిన నీళ్ళను ముందు కాచి, ఆ ఆమ్లం అణువు విరిగిపోయేదాకా ఆక్సీకరణం చేసి, ఆ తర్వాతే సిమెంటులో కలపాలని. నాలుగు దిమ్మల ఫలితాలూ జతచేశాను. వెంటనే ఒప్పుకున్నారు, షెడ్డులోని డ్రమ్ములన్నీ పగలగొట్టి మళ్ళీ పోయించాం. మళ్ళీ 'నిల్' మొదలైంది. చింతపండు మీద నేను చేసిన పరిశోధనకు ఇది చక్కటి కొనసాగింపని మెచ్చుకుంటూ ఇంకో ఉత్తరం వచ్చింది. ఆవిడ కేసు తిరగదోడమని గుమాస్తాను నోటిమాటగా ఒకసారి అడిగాను. "అది ముగిసింది కద సార్," అన్నాడు. ఒకసారే అడిగాను. కాగితం మీద అడగలేదు.

కానీ నేను చెప్పదలచుకున్నది ఇదేదీ కాదు. ఆ నోటు పెట్టడానికి రెండేళ్ళు ముందు, ఆవిడ ఊరు వదిలి వెళ్ళిన ఉదయం సంగతి.

పాత్రల పార్సిలేదో వచ్చిందంటే విడిపించుకుందామని స్టేషనుకు వెళ్ళాను. విశాఖపట్నం పాసింజరు ఆగి ఉంది. గిన్నెలమ్మ పెట్టె ముందు నిలబడి గోనెమూటలు ఎక్కిస్తోంది. లోపల కిటికీ పక్కన కూతురు పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అటువైపు తిరిగి పోదామనుకున్నాను. ఆవిడ చూసేసింది.

"బాబూ, మంచోలు కనబడినారు. ఒకటి అడుగుదామని ఎన్నాల్నించో అనుకుంతన్నాను. లాబుకొత్తే వాచ్‌మన్ రానివ్వలేదు."

ఉద్యోగం గురించి అడుగుతుందనుకున్నాను. ఏం చెప్పాలో సిద్ధం చేసుకుంటున్నాను.

"నా సింతపండు మానేసినాక, సిమెంటు గట్టిపడిందేటి బాబూ?"

పిల్లలూ, ఇది జాగ్రత్తగా చదవండి. కేంద్ర కార్యాలయం నుంచి వచ్చిన ఇద్దరు డాక్టరేట్లు అడగని ప్రశ్న అది. పెద్దసారు అడగనివ్వని ప్రశ్న అది. తప్పుకు కారణం ఫలానా అన్నప్పుడు, దాన్ని తీసేసి చూడటం అనేది శాస్త్రంలో మొదటి పాఠం. సంతకం పెట్టడం రాని మనిషి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ పాఠం నాకు ఒప్పజెప్పింది. జవాబు నాకు తెలుసు. అంతకు రెండు రోజుల ముందే మేస్త్రి వేలు డ్రమ్ములోకి దిగడం చూసి వచ్చాను.

లేదమ్మా అంటే, మరెందుకు తీసేశారు అంటుంది. ఆ తర్వాత ప్రశ్న నా సంతకాల దాకా వస్తుంది. పక్కన జనం ఉన్నారు. ఇంటర్వ్యూ ఇంకా పది రోజులుంది.

"గట్టిపడిందమ్మా," అన్నాను.

ఆవిడ ముఖం ఒక్కసారి తేటపడింది. ఏదో బరువు దించుకున్నట్టు నిట్టూర్చింది. కళ్ళు తుడుచుకుంది.

"అమ్మయ్య. అయితే తప్పు నాదేనన్నమాట. నాకు తెలక సేసినాను. ఇన్నాల్లూ మీ అందర్నీ తిట్టుకుంతన్నాను బాబూ, లేనిపోని నింద నా మీద ఏసినారని. మిమ్మల్ని మరీ తిట్టినాను, మీరే కదా సెప్పినారని. ఏటీ అనుకోకండి. చమించండి బాబూ." అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

గార్డు ఈల వేశాడు. ఆవిడ గబగబా పెట్టెలోకి ఎక్కి, కిటికీలోంచి ఇంకా నా వైపే చూస్తోంది, నేను కోపంగా ఉన్నానేమోనని.

రైలు కదులుతుండగా, నాలుగడుగులు పక్కనే నడిచి, "పర్వాలేదమ్మా," అన్నాను.